అమానతు బండి

మా కళాశాల వార్షిక సంచికకు వ్యాసమొకటి ఇవ్వవలసిందిగా సంపాదకవర్గంవారు ఏటేటా మమ్ము అడుగుతూనే ఉన్నారు. ఏటేటా మేము ప్రబంధ సాహిత్యం మీదనో, శతక వాఙ్మయం మీదనో నాలుగు పుటలు వ్రాసి ఇస్తూనే ఉన్నాము. ఈ సంవత్సరం కూడ అటువంటిదే ఒకటి సిద్ధపరచుచుండగా, రెండవ సంవత్సరం చదువుచున్న విద్యార్థి ఒకడు వచ్చి, "సార్, మొన్న ఆదివారం పాతబస్తీలో ఒక పెద్ద పాతకాలపు కారు క్రింద ఎవరో పడుకొని కనబడినారు. చూస్తే అచ్చం మీలాగే ఉన్నారు" అని సందేహంగా అడిగినాడు. ఆ మనిషి మేమే. తెలుగు బోధించు ఉపన్యాసకునికి కారు క్రింద పని ఏమిటని ఆ విద్యార్థికి కలిగిన ఆశ్చర్యం న్యాయమైనదే. కాబట్టి ఈసారి ప్రబంధాలకు సెలవు ఇచ్చి, ఆ కారు కథనే వ్రాయుచున్నాము. ఇందులో మేము ఇంతవరకు ఎవరికీ చెప్పుకొనని తప్పు ఒకటి ఉన్నది. అది కూడ చెప్పవలసి ఉన్నది.

మాది కర్నూలు పాతబస్తీ. మా దాదాగారు, ఆ తరువాత మా తండ్రిగారు మోటారు మేస్త్రీలు. ఇంట్లో మాది ఉర్దూ, షెడ్డులో మాది తెలుగు. దాదాగారిని ఊరివారందరు "ఉస్తాద్" అని పిలిచేవారు. ఆయనకు చదువు రాదు గాని, ఇంజను శబ్దం విని రోగం చెప్పేవారు. మా తండ్రిగారు అయిదవ తరగతి వరకు చదివినారు. ఆ షెడ్డులో ఒక మూల, తాటాకు చాపలు కప్పి, ముదురు నీలిరంగు షెవర్లే కారు ఒకటి మేము పుట్టకముందు నుండి ఉన్నది. అది 1948 నాటి బండి. దాని యజమాని మేము కాము.

అది ఊరిలోని ఒక డాక్టరుగారిది. 1965లో అమెరికావారు తమ వలస చట్టాన్ని మార్చిన తరువాత, మన దేశం నుండి ఎందరో వైద్యులు ఆ దేశానికి వెళ్ళినారు. ఆ డాక్టరుగారు 1974లో భార్యాబిడ్డలతో బయలుదేరినారు. పోవుటకు ముందు రోజు బండిని స్వయంగా నడుపుకొని వచ్చి, తాళపు చెవులు దాదాగారి చేతిలో పెట్టి, "ఉస్తాద్, రెండేళ్ళలో వస్తాను. అంతవరకు దీన్ని చంపకుండా చూడు" అన్నారట. దాదాగారు ఆ తాళపు చెవులను కళ్ళకు అద్దుకొని, "ఇది మా దగ్గర అమానతు, డాక్టరుగారూ" అన్నారట. అప్పుడు మా తండ్రిగారికి పందొమ్మిదేళ్ళు. ప్రక్కన నిలబడి విన్నారు.

రెండేళ్ళు గడిచినవి. నాలుగేళ్ళు గడిచినవి. మొదట డబ్బు వచ్చేది, నీలిరంగు విమాన తపాలా ఉత్తరాలు వచ్చేవి. 1979 తరువాత డబ్బు ఆగిపోయినది. 1983 తరువాత ఉత్తరాలు కూడ ఆగిపోయినవి. బండి మాత్రం ఆగలేదు. ప్రతి శుక్రవారం జుమ్మా నమాజు అయిన తరువాత, మొదట దాదాగారు, పిమ్మట మా తండ్రిగారు చాపలు తీసి, నూనె చూసి, నీళ్ళు పోసి, పావుగంట ఇంజను నడిపించి, మరల చాపలు కప్పేవారు. మా బాల్యంలో శుక్రవారం అంటే అత్తరు వాసన, పెట్రోలు వాసన రెండూ కలిసి ఉండేవి.

ఇక్కడ విద్యార్థుల కొరకు కొంత చరిత్ర చెప్పవలెను. అమెరికా బండి కర్నూలుకు ఎట్లా వచ్చినదని మీరు అడుగవచ్చును. జనరల్ మోటార్స్ సంస్థవారు 1928లోనే బొంబాయిలోని శివడీ ప్రాంతంలో కర్మాగారం పెట్టినారు. విడిభాగాలు పెట్టెలలో ఓడల మీద వచ్చేవి, ఇక్కడ బండిగా కూర్చేవారు. ఫోర్డువారికి కూడ అట్టి కర్మాగారాలు ఉండేవి. వాల్‌చంద్ హీరాచంద్ 1944లో స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్‌వారు క్రైస్లర్ సంస్థతో ఒప్పందం చేసుకొని డాడ్జి, ప్లిమత్ బండ్లను కూర్చినారు. స్వాతంత్ర్యం తరువాత మన ప్రభుత్వం, కేవలం కూర్చుట చాలదు, భాగాలు కూడ ఇక్కడే తయారు కావలెనని పట్టుబట్టినది. అది దేశానికి మంచి నిర్ణయమే. కాని జనరల్ మోటార్స్‌వారు 1954లో శివడీలో బండ్లు కూర్చుట మానుకొన్నారు. ఫోర్డువారు కూడ ఆ రోజులలోనే తప్పుకొన్నారు. అప్పటికే రోడ్ల మీద ఉన్న బండ్లు మాత్రం, తల్లిదండ్రులు లేని పిల్లల వలె, ఊరూరా మేస్త్రీల చేతులలో మిగిలిపోయినవి.

ఇటువంటి సంగతే క్యూబా దేశంలో మరింత పెద్ద ఎత్తున జరిగినది. 1959 విప్లవం తరువాత అమెరికా ఆ దేశంతో వర్తకం నిలిపివేయగా, హవానా నగరంలోని షెవర్లేలకు, బ్యూయిక్‌లకు క్రొత్త భాగాలు రావడం ఆగిపోయినది. అక్కడి మేస్త్రీలు రష్యా దేశపు ఇంజన్లను అమెరికా బండ్లలో బిగించి, లేని భాగాన్ని లేతు మీద తామే చేసుకొని, ఆ బండ్లను నేటికీ టాక్సీలుగా నడుపుచున్నారు. వాటి గురించి చదివినప్పుడు మాకు దాదాగారే జ్ఞాపకం వచ్చినారు. కర్నూలుకు హవానా ఎంత దూరమో గాని, లేమి నేర్పు చదువు రెండు చోట్లా ఒక్కటే.

దాదాగారి కాలంలో భాగాలకు అంత కరువు లేదు. రెండవ ప్రపంచ యుద్ధం కొరకు కెనడాలో తయారైన షెవర్లే సైనిక లారీలు మన దేశానికి వేలకొలది వచ్చినవి. యుద్ధానంతరం వాటిని వేలం వేసినారు. ఆ లారీలలోనూ ఈ కారులోనూ ఉన్నది 216 ఘనపు అంగుళాల ఆరు సిలిండర్ల ఇంజనే. కాబట్టి ఎక్కడ పాత లారీ తునకలవుతున్నదని తెలిసినా, దాదాగారు అక్కడికి వెళ్ళి కనెక్టింగు రాడ్లు, వాల్వులు, డైనమోలు కొని తెచ్చి గ్రీజు పూసి గోనెపట్టాలో చుట్టి అటక మీద దాచేవారు. బండి చక్రాలకు 6.00-16 సైజు టైర్లు. అవే జీపుకు కూడ సరిపోతవి గనుక ఆ చింత కూడ లేదు. ముందరి అద్దం రెండు చదునైన పలకలే కాబట్టి అద్దాల దుకాణంలో కోయించి బిగించవచ్చును. ఇట్లు ఏ బండి భాగం ఏ బండికి పనికివచ్చునో తెలిపే హొలాండర్ అను పెద్ద గ్రంథం అమెరికాలో 1934 నుండి వెలువడుచున్నదని మేము చాలా కాలం తరువాత తెలుసుకొన్నాము. దాదాగారు ఆ గ్రంథాన్ని చూడలేదు. ఆయన తలలోనే అటువంటిది ఒకటి ఉండేది.

2009 అక్టోబరు 2వ తేదీన తుంగభద్ర, హంద్రి రెండూ ఒక్కసారి పొంగి మా ఊరి మీద పడినవి. ఆనాటి సంగతి కర్నూలువారికి చెప్పనక్కరలేదు. అప్పుడు మేము డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాము. మేడ ఉన్న బంధువుల ఇంటికి చేరి ప్రాణాలు దక్కించుకొన్నాము. నీళ్ళు తీసిన తరువాత షెడ్డు తలుపు తెరిస్తే, బండి సీట్ల మీద మోకాటి లోతు ఒండ్రు మట్టి ఉన్నది. పనిముట్లు కొట్టుకుపోయినవి. ఇంట్లో వడ్లూ లేవు, బట్టలూ లేవు. అటక మీది రేకు పెట్టె, దానిలోని డాక్టరుగారి ఉత్తరాలు, దాదాగారి గోనెపట్టా మూటలు మాత్రమే మిగిలినవి.

మా తండ్రిగారు మొదట ఇల్లు కడిగించలేదు. మొదట బండి దగ్గరకే వెళ్ళినారు. "ఎవరూ సెల్ఫు ముట్టుకోవద్దు, క్రాంకు తిప్పవద్దు" అని కేక వేసినారు. నూనె తొట్టి అడుగు బిరడా తీయగా మొదట నీళ్ళు వచ్చినవి, ఆ తరువాత మట్టి వచ్చినది, చివరకు నూనె వచ్చినది. నీళ్ళు నూనెకంటె బరువు గనుక అడుగున చేరునని చెప్పుచు, ఆయన ఏడ్చుచున్నారని మేము అప్పుడు గమనించినాము. ప్లగ్గులు విప్పి, ఒక్కొక్క సిలిండరులో కిరోసిను, నూనె కలిపి పోసి, నానబెట్టినారు. పన్నెండు రోజుల తరువాత కూడ ఇంజను కదలలేదు. ఆ ఇంజనులో పిస్టన్లు కూడ పోత ఇనుమువే. ఇనుమూ ఇనుమూ తుప్పుతో అంటుకొన్నవి.

ఇక మా తప్పు సంగతి.

వరద తరువాత షెడ్డుకు పని లేదు. ఊరిలో క్రొత్త బండ్లు వచ్చి, కంపెనీవారి వర్కుషాపులు వచ్చి, మా తండ్రిగారి వంటి మేస్త్రీలకు గిరాకీ అంతకుముందే తగ్గినది. 2010లో మాకు అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. తెలుగులో సీటు వచ్చినది. చేరుటకు, హాస్టలుకు డబ్బు కావలెను. ఇంట్లో ఉన్న కొద్ది రూపాయలను మా తండ్రిగారు ఆ బండి కొరకు మద్రాసులోని పుదుపేట పాత సామాన్ల బజారుకు పోయి ఖర్చు పెట్టుచున్నారు. మాకు కోపం వచ్చినది. ఎవరిదో బండి, ఎప్పుడో పోయిన మనిషి, ముప్పయి ఆరేళ్ళ నాటి మాట! ఆయన మద్రాసు వెళ్ళిన రెండవనాడు మేము పాత ఇనుము వ్యాపారి ఒకరి వద్దకు వెళ్ళి, నలభై అయిదు వేలకు బండిని మాట్లాడుకొని, అయిదు వేలు బయానా తీసుకొన్నాము. ఆ డబ్బు మరునాడే విశ్వవిద్యాలయంలో కట్టివేసినాము.

వ్యాపారి ట్రాక్టరు తీసుకొని వచ్చినాడు. మా తల్లిగారు షెడ్డు గడప మీద కూర్చుండి, "మీ అబ్బా వచ్చేదాకా ఈ గడప ఎవరూ దాటకూడదు" అన్నది. ఆమె ఎన్నడూ మగవారి వ్యవహారంలో మాట్లాడినది కాదు. వ్యాపారి నలుగురిలో మమ్ము నానా మాటలు అని, బయానా తిరిగి ఇమ్మని కూర్చున్నాడు. మా వద్ద లేదు.

మరునాటి ఉదయం మా తండ్రిగారు దిగినారు. చేతిలో తమిళ పత్రికలో చుట్టిన చిన్న పొట్లం ఉన్నది. అందులో ఆరు పిస్టన్లకు సరిపోవు రింగులు. ఎన్ని దుకాణాలు తిరిగితే దొరికినవో చెప్పవలెనని ముఖం నిండా సంతోషంతో వచ్చినారు. సంగతి విన్నారు. మమ్ము కొట్టలేదు, తిట్టలేదు. మధ్యాహ్నం తన గ్యాసు వెల్డింగు సరంజామాను ప్రక్క వీధి మేస్త్రీకి అమ్మి, వ్యాపారికి అయిదు వేలు ఇచ్చి, క్షమాపణ చెప్పి వచ్చినారు. రాత్రి భోజనాల వేళ ఒక్క మాట అన్నారు: "బేటా, బండి మనదైతే నీవు అమ్మినా నేను అడిగేవాణ్ణి కాదు. ఫీజు కట్టినావు గదా, పోయి చదువుకో."

అమానతును హక్కుదారునికి చేర్చవలెనని మన ధర్మం చెప్పునని మదర్సాలో మేమూ నేర్చుకొన్నాము, అప్పగించిన సొమ్మును కాజేయరాదని నీతిశాస్త్రాలన్నీ చెప్పుచున్నవని పరీక్షలో వ్రాసి మార్కులు కూడ తెచ్చుకొన్నాము. వెల్డింగు గొట్టం లేని మేస్త్రీ చేతులను చూచిన తరువాతనే ఆ మాటకు అర్థం తెలిసినది.

అనంతపురం నుండి ప్రతి రెండవ శనివారం ఇంటికి వచ్చి షెడ్డులో నిలబడడం మొదలుపెట్టినాము. ఆయన పిలువలేదు, వద్దనలేదు. మేము పానాలు అందించేవారము. హెడ్డు విప్పి, కొయ్య దిమ్మెతో ఒక్కొక్క పిస్టనునూ కొద్ది కొద్దిగా కదలించి బయటికి తీసినారు. పిస్టన్లు దక్కినవి గాని సిలిండర్ల లోపలి గోడలు తుప్పుతో గుంటలు పడినవి. వాటిని వెడల్పు చేయించి, లోపల క్రొత్త స్లీవులు బిగించి, మరల మూడున్నర అంగుళాల అసలు కొలతకు తెప్పించినారు. అప్పుడు పాత పిస్టన్లూ, మద్రాసు రింగులూ పనికివచ్చినవి.

ఆ ఇంజను నూనె పట్టు పద్ధతి విచిత్రమైనది. నేటి ఇంజన్లలో పంపు బలంతో ప్రతి బేరింగుకూ నూనె చేరును. ఈ 216 ఇంజనులో కనెక్టింగు రాడ్ల అడుగున చిన్న గరిటెల వంటివి ఉండును. నూనె తొట్టిలోని పళ్ళెములలో అవి మునిగి లేచుచు నూనెను చేదుకొనును. వేగం పెరిగినప్పుడు సన్నని గొట్టముల నుండి నూనె ధారగా వచ్చి ఆ గరిటెలకు తగులును. వరద మట్టి ఆ గొట్టములలోనే చేరి గట్టిపడినది. మా తండ్రిగారు ఒక్కొక్క గొట్టాన్ని తీగతో శుభ్రం చేసి, నీళ్ళు పట్టించి, ధార ఎక్కడ పడుచున్నదో చూచి సరిచేసినారు. ఒక్క గొట్టం గురి తప్పినా ఆ రాడ్డు ఎండిపోయి బేరింగు కరిగిపోవునట.

ఆ బేరింగులు అంగడిలో దొరకునవి కావు. రాడ్డులోనే వైట్ మెటలు పోత పోసి చేయవలెను. తగరం ఎక్కువ, ఆంటిమొనీ, రాగి తక్కువ కలిసిన ఆ లోహాన్ని కరగించి, వేడిచేసిన రాడ్డులో పోసి, ఆరిన తరువాత లేతు మీద తొలిచి, చివరకు చేతి చెక్కుడు ఉలితో వెంట్రుక మందం చొప్పున గీకవలెను. కరిగిన లోహం సరియైన వేడికి వచ్చినదో లేదో మా తండ్రిగారు దేవదారు పుల్లను ముంచి, అది నల్లబడు తీరును చూచి చెప్పేవారు. ఖాళీ ఎంత ఉన్నదో సన్నని సీసపు తీగను మధ్యలో పెట్టి బిగించి, నలిగిన తీగ మందాన్ని కొలిచి తెలుసుకొనేవారు. ఈ విద్యలన్నీ ఆయనకు దాదాగారు నేర్పినవి. మేము పట్టుకారుతో రాడ్డు పట్టుకొని నిలబడితే, "కదలకు, ఊపిరి కూడ పీల్చకు" అనేవారు.

ఆయనకు ఇంగ్లీషు రాదు. అప్పుడు మాకొక ఉపాయం తోచినది. హైదరాబాదులోని రాణిగంజిలో దొరికిన చిరిగిన షెవర్లే పుస్తకం ఒకటి తెచ్చి చదివి అర్థం చెప్పుచు, ఆయన చెప్పు మాటలను ఒక నోటుపుస్తకంలో వ్రాసుకొన్నాము. పుస్తకంలోని పొడుగాటి ఇంగ్లీషు పేరుకు ప్రక్కన ఆయన పలుకు పేరు: కమాను పట్టీలు, టప్పెట్లు, కట్‌ఔటు, పాకింగు, స్టెప్నీ. వాటిలో కొన్ని ఉర్దూ, కొన్ని తెలుగు, కొన్ని ఏ భాషవో ఎవరూ చెప్పలేరు. సిలిండర్లు మండు వరుస ఒకటి, అయిదు, మూడు, ఆరు, రెండు, నాలుగు అని ఆయన రాగయుక్తంగా చదివేవారు. ఛందస్సులో గణాలు నేర్చుకొంటున్న మాకు అది వెంటనే కంఠస్థమైనది. తండ్రీకొడుకుల మధ్య ఆ బయానా సంగతి ఎన్నడూ మాటలలోకి రాలేదు. బహుశః ఆ నోటుపుస్తకమే మేము ఆయనను అడిగిన క్షమాపణ.

ఇంజను ఇట్లు కుదురుకొన్నది గాని, కార్బొరేటరు లోపలి భాగాలు, బ్రేకు సిలిండర్లు, క్లచ్ ప్లేటు, తీగల అల్లిక ఎక్కడా దొరకలేదు. అవి అమెరికాలో క్రొత్తగా తయారగుచున్నవని తెలిసినది. అక్కడ పాత షెవర్లేల సంఘం 1961 నుండి ఉన్నది. పెన్సిల్వేనియాలోని హెర్షీ పట్టణంలో ప్రతి అక్టోబరులో పాత భాగాల సంత జరుగును. మనకు చింతామణి పశువుల సంత ఎట్టిదో వారికి అది అట్టిది. కాని అంత దూరం నుండి తెప్పించు శక్తి మాకు ఎక్కడిది?

2011లో మేము రేకు పెట్టెలోని ఆఖరి ఉత్తరం చిరునామాకు వ్రాసినాము. అది తిరిగి వచ్చినది. డాక్టరుగారు చదివిన వైద్య కళాశాల పూర్వ విద్యార్థులను విచారించగా విచారించగా, 2012లో మిషిగన్ నుండి ఒక జాబు వచ్చినది. డాక్టరుగారు 1990ల లోనే కాలం చేసినారు. వ్రాసినది ఆయన కుమార్తె. ఆమె పదేళ్ళ పిల్లగా ఆ బండి వెనుక సీటులో మోకాళ్ళ మీద కూర్చుండి వెనుక అద్దంలో నుండి కర్నూలును చూచుచు వెళ్ళిన జ్ఞాపకం ఉన్నదని, ఆ బండి ఇంకా ఉన్నదని తాను నమ్మలేకపోవుచున్నానని వ్రాసినారు. మేము కావలసిన భాగాల జాబితా పంపినాము. ఆమె బంధువులు ఎవరు ఇండియాకు వచ్చినా వారి పెట్టెలలో చీరెల మధ్య, మిఠాయిల మధ్య ఒక్కొక్క భాగం రాసాగినది. అమెరికాలో పుట్టిన బండికి అమెరికా వెళ్ళిన తెలుగువారే భాగాలు మోసుకొని వచ్చినారు.

అన్నీ రాలేదు. అక్కడి బండ్లకు స్టీరింగు ఎడమ ప్రక్కన, మన బండికి కుడి ప్రక్కన. కాబట్టి స్టీరింగు పెట్టె భాగాలు అక్కడ పనికివచ్చునవి దొరకవు. వాటికి కంచు బుష్షులు మా తండ్రిగారు లేతు మీద చేయించుకొన్నారు. బ్యాటరీ ఆరు వోల్టులది. షెవర్లేవారు 1955 నుండి గాని పన్నెండు వోల్టులకు మారలేదు. వోల్టులు సగమైనందున కరెంటు రెట్టింపు ప్రవహించవలెను గనుక, తీగలు లావుగా ఉండవలెను. తెలియనివారు సన్నని తీగ వేసి, సెల్ఫు తిరుగలేదని బండిని తిట్టుదురు. ఊరిలోని బ్యాటరీ మనిషి రెండేసి వోల్టుల అరలు మూడు కూర్చి ఇచ్చినాడు.

2013 ఫిబ్రవరిలో, ఒక శుక్రవారం, నమాజు తరువాత, బండి మాట్లాడినది. మొదట రెండు మార్లు దగ్గినది, నీలి పొగ వదలినది, తరువాత కుట్టు యంత్రం వలె మెత్తగా నడిచినది. మా తండ్రిగారు బానెట్టు మీద చేయి వేసి, కళ్ళు మూసుకొని చాలాసేపు నిలబడినారు. తరువాత మా వైపు తిరిగి, "మూడో రాడ్డు విను" అన్నారు. మేము విన్నాము. మాకు ఏమీ వినబడలేదు. "వినబడలేదా? అయితే బాగున్నట్టే" అని నవ్వినారు.

2018 జనవరిలో డాక్టరుగారి కుమార్తె వచ్చినారు. ఏబదినాలుగేళ్ళ ఆమెను మా తండ్రిగారు "పాపా" అనియే పిలిచినారు, ఆమె "అన్నా" అన్నది. ఆయన ఉతికిన తెల్ల చొక్కా వేసుకొని, బండి వెనుక తలుపు తెరిచి, ఆమెను కూర్చుండబెట్టి, కొండారెడ్డి బురుజు చుట్టూ త్రిప్పి, డాక్టరుగారు వైద్యం చేసిన వీధికి తీసుకొని వెళ్ళినారు. ఆ ఇల్లు లేదు. అక్కడ బట్టల దుకాణం ఉన్నది. ఆమె దిగలేదు. వెనుక సీటు మీద మోకాళ్ళు ఆనించి వెనుక అద్దంలో నుండి చూచుచుండిపోయినది.

షెడ్డుకు తిరిగి వచ్చిన తరువాత మా తండ్రిగారు తాళపు చెవులు ఆమె ముందు పెట్టి, "ఉస్తాద్ మాట తీరినది, పాపా. మీ బండి మీకు చేరినది" అన్నారు. ఆమె డబ్బు సంచి తీసినది. ఆయన చెవులు మూసుకొన్నారు. బండి మీ పేర వ్రాసి ఇస్తాను అన్నది. ఆయన దానికీ ఒప్పుకొనలేదు. నలభై నాలుగేళ్ళు దాచినది కూలి కొరకు కాదని, వ్రాసి తీసుకొంటే దాచినదంతా బేరమైపోవునని ఆయన వాదం. చివరకు ఆమె తాళపు చెవులను ఆయన చేతిలోనే పెట్టి, "అయితే అన్నా, మళ్ళీ వచ్చేదాకా ఉంచండి" అన్నది. ఆయన వాటిని కళ్ళకు అద్దుకొన్నారు. ఆ సాయంత్రం ఆయన ముఖంలో కనబడిన వెలుగు మేము మరెన్నడూ చూడలేదు.

2022లో మా తండ్రిగారు అల్లాహ్ సన్నిధికి చేరినారు. ఇప్పుడు శుక్రవారం పని మాది. కళాశాల పని వలన అది ఆదివారానికి మారినది.

చిక్కులు తీరలేదు, మారినవి. 2021లో కేంద్ర ప్రభుత్వం ఏబదేళ్ళు దాటిన బండ్లకు ప్రత్యేక రిజిస్ట్రేషను నిబంధనలు చేసినది. ఆ మార్గంలో ఆమె సంతకంతో కాగితాలు కదలించవలెను. పెట్రోలులో ఇప్పుడు ఇరువది శాతం ఇథనాలు కలుపుచున్నారు. పాతకాలపు రబ్బరు దానికి ఓర్చుకొనలేక ఉబ్బి మెత్తబడును. పెట్రోలు పంపులోని పొర నిరుడు అట్లే చీలినది. క్రొత్త రకం రబ్బరు పొర తెప్పించి వేసినాము. అన్నింటికంటె పెద్ద చిక్కు వేరు. రెండు నెలలుగా మూడవ రాడ్డు మెల్లగా "టక్కు, టక్కు" మనుచున్నది. ఈసారి మాకు వినబడుచున్నది. వైట్ మెటలు పోత పోయువారి కొరకు ఊరంతా వెదకినాము. పోసిన చేతులు ఒక్కొక్కటే మట్టిలో కలిసినవి. మా తండ్రిగారు పోయుచుండగా పట్టుకారు పట్టుకొన్నాము గాని, మేము ఒక్కమారు కూడ పోసినవారము కాము. నోటుపుస్తకంలో లోహాల పాళ్ళు ఉన్నవి, దేవదారు పుల్ల సంగతి ఉన్నది. పుల్ల ఎంత నలుపు ఎక్కవలెనో మాత్రం అందులో లేదు. అది ఆయన కంటిలో ఉండేది.

అయినను పోయుదలచినాము. దాదాగారి అటక మీద లారీల నుండి తెచ్చిన పాత రాడ్లు ఇంకా నాలుగు ఉన్నవి. మొదట వాటి మీద అభ్యాసం చేసి, చేయి కుదిరిన తరువాత మూడవ రాడ్డును ముట్టుకొందుము. రెండు పోతలు ఇప్పటికే చెడినవి. మొదటిది వేడి చాలక పగిలినది, రెండవది రాడ్డుకు అంటలేదు.

ప్రియ విద్యార్థులారా, పాత వస్తువులన్నీ దాచుకొనవలెనని మేము చెప్పము. దాచదగినది బండి కాదు. ఇచ్చిన మాటను నలభై నాలుగేళ్ళు నడుపగలిగిన చేతి పని అంతరించిపోవుచున్నది గదా, దానిని గురించియే మా చింత. ఇంజనీరింగు చదువుదలచినవారు, ఐ.టి.ఐ.లో తమ్ములున్నవారు, ఊరక చూడవలెనని ఉన్నవారు ఆదివారం ఉదయం మా షెడ్డుకు రావచ్చును. మూడవ పోతకు పట్టుకారు పట్టువారు ఒకరు కావలెను. పాత బట్టలు వేసుకొని రావలెను. మేము పోయునప్పుడు కదలరాదు, ఊపిరి కూడ పీల్చరాదు.